తెరచాపల వీధి (11వ భాగం): ఎడమ చివరి గోడ

పోయినవారం మనం జహీదాని గడప మీద, చేతిలో బియ్యం కడుగుతున్న గిన్నెతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. గిన్నెలో కడుగునీళ్ళు ఒలికి పాదాల మీద పడుతున్నా తెలియడం లేదు. వీధి మొగలో రిక్షా ఆగింది. అందులోంచి ముందు ఒక గొడుగు దిగింది, ఆ వెనక భూషణం మాస్టారు దిగారు.

ఆయన రాకని తలుచుకుని ఆ ఇల్లు నెల్లాళ్ళుగా వణుకుతోంది. ఎందుకో మీకు తెలుసు, అయినా ఒకసారి చెప్పుకుందాం.

బందరు తెరచాపల వీధిలో ఒకే పెంకుల కప్పు కింద పొడుగ్గా సాగిన ఆ ఇల్లు జహీదా మామగారు నబీ సాయిబుది. అద్దకం బట్టలకి టేకు చెక్కమీద అచ్చులు చెక్కడం ఆయన వృత్తి. ఇంటికి ముందంతా వసారా, దానికి వరసగా నాలుగు కమానులు. కుడి చివర భాగంలో కృపమ్మ పన్నెండేళ్ళుగా అద్దెకుంటోంది. మిషను కుట్టి, మంచాన పడ్డ తల్లి జ్ఞానమ్మని సాకుతోంది. ఎడమ చివర గదిలో అనీసా ఉంటోంది. అనీసా నబీ సాయిబు కూతురు, జహీదాకి పెద్దాడపడుచు. పోయినేడు నవంబరు ఉప్పెనలో దివిసీమలో ఆమె మొగుడు కాలేషా, అత్తమామలు, ఇల్లు, అన్నీ ఒక్క సాయంత్రంలో కొట్టుకుపోయాయి. నీళ్ళు వచ్చినప్పుడు ఆమె వసారాలో నిలబడి ఉంది. పుట్టింటికి తీసుకొచ్చాక కూడా, తెరిచి ఉన్న వసారా కంటపడితే చాలు, అటునుంచి నీళ్ళు వచ్చేస్తున్నాయని కేకలు పెట్టేది. తినేది కాదు, కన్ను మూసేది కాదు. చివరికి నబీ సాయిబు కూలిన ఇళ్ళ ఇటుకలు ఏరుకొచ్చి, ఎడమ చివరి కమాను తన చేత్తోనే మూసేసి, దాన్ని గది చేశాడు. ఆ రోజు అనీసా మొదటిసారి నిద్రపోయింది. ఇప్పటికి పది నెలలు. ఈ పది నెలల్లో ఆమె వీధి గడప దాటలేదు.

చిక్కల్లా పాత వీధుల కమిటీతో వచ్చింది. ఉప్పెన తర్వాత బాగుచేతల పేరుతో జనం పాత స్తంభాలు పీకి సిమెంటు దిమ్మలు నిలబెట్టుకుంటూ పోతుంటే, భూషణం మాస్టారూ, మరికొందరు ఊరి పెద్దలూ పట్టుబట్టి ఈ కమిటీ వేయించారు. పాత వీధుల్లో ఎవరైనా ఇంటి ముంగిలి మారిస్తే కమిటీ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే కొత్తగా కట్టిందాన్ని కొట్టించేస్తుంది. మొదట్లో ఇరుగుపొరుగు వాళ్ళ సాక్ష్యం అడిగేవారు. ఒకరికొకరు సాక్ష్యం చెప్పుకుని పదిహేను కొత్త గోడలు పాతవైపోయేసరికి, నోటిమాట చెల్లదన్నారు. ఉప్పెనకి ముందు ముంగిలి ఎలా ఉండేదో ఇంటి యజమాని బొమ్మ గీసి సంతకం పెట్టి ఇవ్వాలి. బొమ్మలో లేనిది ఇంటికి ఉండకూడదు.

నబీ సాయిబు గీసిచ్చాడు. 'గోడ సంగతి తనిఖీకి వచ్చినప్పుడు కాళ్ళు పట్టుకునైనా అడుగుతాను' అనుకున్నాడు. తీరా తనిఖీ రోజుకి ఆయన గుడివాడలో కంటి ఆపరేషను చేయించుకుని, రెండు కళ్ళకీ కట్టుతో పడుకుని ఉన్నాడు. కొడుకు ఖుద్దూస్ ఆయన మంచం పక్కన. ఇంట్లో మిగిలింది అనీసా, జహీదా. కాళ్ళు పట్టుకునే పని పెళ్ళయి మూడు నెలలు నిండని జహీదా మీద పడింది.

నాలుగు రోజులుగా ఆ పిల్ల పొయ్యి ముందు కూచుని ఉపన్యాసం వల్లిస్తోంది. 'మాస్టారూ, మనిషి కోసం ఇల్లా, ఇంటి కోసం మనిషా' అని మొదలుపెట్టి, గొంతు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ ఆగాలో కూడా అనుకుని పెట్టుకుంది. గూడూరులో పుట్టి, బందరు కాలేజీలో బి.ఎ. చదివి, వక్తృత్వంలో స్టీలు గ్లాసు గెలుచుకున్న పిల్ల మరి.

"నమస్కారమండీ మాస్టారూ. మా మావయ్యగారు..."

"తెలుసమ్మా, గుడివాడలో ఉన్నారట. నువ్వు ఖుద్దూస్ భార్యవి కదూ? ఏం చదివావు?"

"బి.ఎ. అండీ. హిస్టరీ."

"హిస్టరీనా!" రిటైరయిన ఆ హెడ్మాస్టరు మొహం దీపం పెట్టినట్టు వెలిగింది. "అయితే నీకు నేను వేరే చెప్పక్కర్లేదు. ఈ వీధిలో ఒకప్పుడు ఓడల తెరచాపలు కుట్టేవారు. కుట్టిన చాప ఈ కమానుల కింద పరిచి చూసుకునేవారట. ఇప్పుడు చూడు, అటు ఏడిళ్ళకి ముంగిలే లేదు. సిమెంటు డబ్బాలు. నా బతుక్కి ఈ ఒక్క వీధి మిగిలితే చాలమ్మా."

జహీదాకి గొంతులో ఉపన్యాసం అడ్డం పడింది. దుర్మార్గుడైతే పోట్లాడొచ్చు. ఈయన్ని చూస్తే కాళ్ళు కడగడానికి నీళ్ళివ్వాలనిపిస్తోంది.

"ముందు కొలతలు కానివ్వండి, కబుర్లు తర్వాత," అన్నాడు వెనకే వచ్చిన ఓవర్సీరు సుందరరాజు. చంకలో ఫైలు, చేతిలో టేపు. "ఇంకా ఆరిళ్ళున్నాయి. ఎండెక్కిపోతోంది. ఒరే యలమందా, గునపం అరుగు మీద పెట్టకు, అరుగు కూడా పాతదే."

కూలీ యలమంద నల్లగా, ఎత్తుగా, మౌనంగా ఉన్నాడు. గునపం తీసి భుజాన పెట్టుకున్నాడు.

సుందరరాజు ఫైల్లోంచి నబీ సాయిబు గీసిన బొమ్మ తీశాడు. పల్చని కాగితం, గాలికి రెపరెపలాడుతోంది. బొమ్మలో ఎడమ చివర నుంచి మొదలుపెట్టి వేలు జరిపాడు. ఎడమ గోడని వేలి కణుపులతో రెండుసార్లు తట్టాడు. ఆ తట్టడం జహీదా వీపు మీద తట్టినట్టే ఉంది. గోడ అవతల చిన్న కదలిక. అనీసా వింటోంది.

"ఎడమ చివర గోడ. బొమ్మలోనూ గోడే. సరిపోయింది. దీనికి చెప్పేదేం లేదు."

"ఏమన్నారండీ?"

"గోడ ఉండాలమ్మా, ఉంది. పాతదే. దీని జోలికి మేం రాం."

ఆ గోడ మావయ్య కట్టింది. ఇటుకలు మోసి మోసి ఆయన భుజం తోలు ఊడిందని ఖుద్దూస్ ఎన్నిసార్లు చెప్పాడో. మరి బొమ్మలో గోడ ఎలా వచ్చింది? ఒకటే దారి. మావయ్య అబద్ధం గీశారు. అరవై ఏళ్ళ బతుకులో ఒక్క అబద్ధం, కూతురి కోసం. జహీదాకి భయం వేసింది, ఆ వెంటనే ఆ ముసలాయన మీద ఎంత ప్రేమ పొంగిందంటే, కళ్ళు చెమర్చాయి. దేవుడు ఇచ్చాడు. ఎందుకిచ్చావని నిలదీస్తామా?

గిన్నె అరుగు మీద పడేసి లోపలికి పరుగెత్తింది. చేతి గాజులు గలగలమన్నాయి. మొన్న పండక్కి ఖుద్దూస్ తెచ్చిన ఆకుపచ్చ గాజులు, ఎంత పని చేస్తున్నా తీయలేదు.

"ఆపా! ఆపా! గోడ ఉంటుందట!"

గది తలుపు వేలెడంత తెరుచుకుంది. ఆ సందులో అనీసా ఒక కన్ను కనిపించింది.

"నిజమా దుల్హన్?" మూడు నెలలు కావస్తున్నా అనీసా ఆమెని కొత్తపెళ్ళికూతురిలాగే పిలుస్తుంది; జహీదాకి అనీసా 'ఆపా', అక్క.

"ఒట్టు. ఓవర్సీరు నోటితోనే అన్నాడు. పాతదేనట, జోలికి రారట."

ఆ కన్ను గోడ వైపు తిరిగి మళ్ళీ ఇటు వచ్చింది. తర్వాత, "ఇవాళ నా టీలో కాస్త చక్కెర ఎక్కువ వెయ్యవూ," అంది అనీసా.

పది నెలల్లో ఆ మనిషి ఇది కావాలని నోరు తెరిచి అడగడం అదే మొదలు. జహీదా వంటింట్లోకి నడిచి వెళ్ళిందో ఎగిరి వెళ్ళిందో ఆమెకే తెలీదు. ఒక చెంచా, రెండు చెంచాలు, ఇంకొంచెం. పాలు పొయ్యి మీద పెడుతూ, సాయంత్రం ఖుద్దూస్ వచ్చాక ఈ కబురు ఎలా చెప్పాలో కూడా అనేసుకుంది. వెంటనే చెప్పకూడదు. కాసేపు ఏడిపించి చెప్పాలి.

అప్పుడు వీధిలోంచి కృపమ్మ కేక వినిపించింది.

"ఎవడ్రా నా గోడ కొట్టేది? ముందు నన్ను కొట్టండి!"

జహీదా బయటికి వచ్చేసరికి కృపమ్మ తన గోడకి వీపు ఆనించి నిలబడి ఉంది. మెళ్ళో టేపు, జాకెట్టుకి గుచ్చిన సూదులు, చేతిలో పెద్ద కత్తెర.

"కత్తెర దించమ్మా," అన్నాడు సుందరరాజు. "బొమ్మలో కుడి చివర కమాను తెరిచి ఉంది. ఇక్కడ చూస్తే గోడ ఉంది. అంటే తర్వాత కట్టిందేగా?"

"తర్వాతేంటయ్యా! నేను ఈ ఇంట్లోకి వచ్చి పన్నెండేళ్ళు. వచ్చిన రోజున ఈ గోడకే మిషను ఆనించాను. కమాను ఆకారం సున్నంతో పైకి దిద్దింది అంతే, లోపలంతా ఇటుకే. వీధిలో ఎవర్నయినా అడగండి!"

"నోటిమాట చెల్లదమ్మా," అన్నారు భూషణం మాస్టారు ఇబ్బందిగా. "ఉప్పెన తర్వాత ఇల్లంతా ఒకేసారి సున్నం కొట్టించారు. ఇటుకలా, అన్నీ పాతవే. చూసి చెప్పడానికి మాకు దారి లేదు. అందుకే బొమ్మ."

"ఎవడు గీశాడా బొమ్మ?"

"మీ ఇంటి యజమానే. ఇదిగో సంతకం."

కృపమ్మ సంతకం చూసింది. ఆ తర్వాత ఎడమ చివరి గోడని చూసింది. చివరికి జహీదాని చూసింది. ఆ చూపుకి జహీదా ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఓహో! కూతురి గోడ నిలబెట్టుకోడానికి నా గోడని బలిచ్చాడన్నమాట సాయిబు. ఉప్పెన రోజున మా అమ్మని భుజాన వేసుకుని ఎదురింటి మేడ ఎక్కించింది ఆ మనిషే. ఆ రోజు నుంచీ బాబాయ్, బాబాయ్ అని నోరారా పిలుస్తున్నానే! ఏమ్మా బి.ఎ. పిల్లా, నీకూ తెలుసా ఈ సంగతి? ఇద్దరూ కలిసే గీశారా?"

"లేదు వదినా, నాకు..."

"వదినా అనకు. నన్ను అలా పిలవకు."

జహీదా చెయ్యి చాపింది. "ఆ బొమ్మ ఒకసారి ఇస్తారా అండీ?"

ఇన్నాళ్ళూ ఆ కాగితం తను చూడలేదు. మావయ్య గీయగానే ఖుద్దూస్ మడతపెట్టి కమిటీకి ఇచ్చేసి వచ్చాడు. ఎంత ముచ్చటగా గీశారు! కప్పు మీద పెంకులు ఒక్కొక్కటీ లెక్కగా, అరుగు అంచున గచ్చు పూలు, వీధి పంపు కూడా, దాని దిమ్మతో సహా. పంపు ఎడమ వైపు.

జహీదా తలెత్తి వీధిలోకి చూసింది. పంపు కుడి వైపు. కృపమ్మ వాకిలికి ఎదురుగా. రోజూ పొద్దున్నే తను బిందె పెట్టేది అక్కడే.

మళ్ళీ కాగితం చూసింది.

పెళ్ళయిన వారానికి మావయ్య ఆమె చేతిలో ఒక అచ్చు పెట్టారు. చెక్క మీద చిలక ఎడమ వైపు చూస్తోంది. రంగులో ముంచి గుడ్డ మీద అద్దమన్నారు. అద్దితే చిలక కుడి వైపు తిరిగిపోయింది. జహీదా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "అంతేనమ్మా," అని ఆయన మీసాల్లో నవ్వుకున్నారు. "బొమ్మని తిప్పి గీసి చెక్కితేనే గుడ్డ మీద సరిగ్గా పడుతుంది. నలభై ఐదేళ్ళు అలా గీసి గీసి, ఇప్పుడు ఏం గీసినా చెయ్యి దానంతటదే తిప్పేస్తుంది. మీ అత్త బతికున్న రోజుల్లో ఒకసారి ఆమెకి సంతకి దారి గీసిచ్చాను, పాపం మసీదు చుట్టూ తిరిగొచ్చింది."

చూపు మసకేసిన కళ్ళతో, అచ్చు కోసం గీసే పల్చని కాగితం మీద, చేతి అలవాటుకొద్దీ ఇంటిని తిప్పి గీసేశారు. కుడి ఎడమయింది. ఎడమ కుడయింది. మావయ్య అబద్ధం ఆడలేదు.

ఆ సంగతి తెలిసిన సంతోషం జహీదాకి ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆయన అబద్ధం ఆడకపోతే కొత్త గోడ ఎడమదే. కొట్టాల్సింది అనీసా గోడే.

చుట్టూ చూసింది. సుందరరాజుకి తెలీదు. మాస్టారికి తెలీదు. పన్నెండేళ్ళుగా ఇక్కడున్న కృపమ్మకి కూడా, తన గోడ పాతదని తెలుసు గానీ బొమ్మ ఎందుకలా వచ్చిందో తెలీదు. మావయ్య కళ్ళకి కట్టు. లోకంలో ఈ సంగతి తెలిసింది తన ఒక్కదానికే. తను నోరు మూసుకుంటే చాలు. కృపమ్మకి వేరే గది చూడొచ్చు. కాళ్ళు పట్టుకోవచ్చు. జ్ఞానమ్మని తమ వైపు తెచ్చి పడుకోబెట్టొచ్చు. తడిక కట్టొచ్చు. అనీసాకి తడిక చాలదు. పొయ్యి మీద ఆమె టీ మరుగుతోంది. చక్కెర ఎక్కువ వేసిన టీ.

జహీదా కాగితం తిరిగి ఇచ్చేసింది.

"ఇంక జాగెందుకు. కానీ యలమందా," అన్నాడు సుందరరాజు.

కేకలకి పోగైనవాళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు కృపమ్మని పట్టుకుని పక్కకి లాగారు. కత్తెర కింద పడింది. యలమంద గునపం ఎత్తి గోడ మీద ఒక్కటి వేశాడు. సున్నం పెచ్చు అరచెయ్యంత ఊడిపడింది. లోపల, ఆ గోడకి ఆనించిన మంచం మీంచి, ముసలి గొంతు ఒకటి వణికింది.

"కృపా... ఏంటే ఆ చప్పుడు? మళ్ళీ నీళ్ళొచ్చాయా?"

"ఆగండి!"

అది తన గొంతే అని జహీదాకి అరిచాక తెలిసింది. సుందరరాజు చేతిలోంచి కాగితం లాక్కుంది. వీధి మధ్యకి నడిచింది. నడుస్తూనే ఏడుస్తోంది. కాగితాన్ని వెనక్కి తిప్పి, రెండు చేతులతో పైకెత్తి, ఎండకి అడ్డంగా పట్టుకుంది. పల్చని కాగితంలోంచి గీతలన్నీ వెనక నుంచి నల్లగా పైకి తేలాయి.

"ఇటొచ్చి చూడండి మాస్టారూ. మా మావయ్య అచ్చులు చెక్కే మనిషి. ఏ బొమ్మయినా తిప్పే గీస్తారు. ఇలా వెనక నుంచి చూడాలి."

భూషణం మాస్టారు గొడుగు మూసి దగ్గరికి వచ్చారు. కాగితం వంక చూశారు, ఇంటి వంక చూశారు.

"సంతకం తిరగబడిందేంటండీ?" అన్నాడు సుందరరాజు వెనక నుంచి తొంగి చూసి.

"సంతకం ఎందుకయ్యా. పంపు చూడు."

"పంపులు మారుస్తుంటారండి."

"మార్చారా?" కృపమ్మ తనని పట్టుకున్న చేతులు విదిలించుకుని వచ్చింది. పంపు తిప్పి, దిమ్మ మీద నీళ్ళు పోసి, నాచుని చీర కొంగుతో రుద్దింది. సిమెంటులో చెక్కిన అంకెలు బయటపడ్డాయి. 1951. "ఇరవయ్యేడేళ్ళుగా ఇక్కడే ఉంది. ఇప్పుడు చెప్పు ఓవర్సీరూ, దీన్ని కూడా మేమే మోసుకొచ్చామా?"

కృపమ్మ నెమ్మదిగా లేచి జహీదా వంక తిరిగింది. ఆ పిల్ల ఏం చెప్పిందో, చెప్పి ఏం పోగొట్టుకుందో ఆమెకి అప్పుడు అర్థమైంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయితే ఎడమదే కొత్త గోడన్నమాట," అన్నాడు సుందరరాజు. అతనికి పని తెమలాలి. "యలమందా, ఇటు రా."

వక్తృత్వంలో గ్లాసు గెలిచిన పిల్లకి ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. నాలుగు రోజులు వల్లించిన ఉపన్యాసం ఎటు పోయిందో. మాస్టారి కాళ్ళ దగ్గర కూలబడి, "ఆ గోడ వెనక మా ఆపా ఉందండీ," అని మాత్రం అంది. "గోడ లేకపోతే ఆమె ఉండదండీ. ఉండదు. ఎలా చెప్పాలో నాకు తెలీదు."

"లే అమ్మా. లే." మాస్టారు గొడుగు నేల మీద పెట్టేశారు. "నిజం చెప్పినందుకు నీకే శిక్ష వేస్తున్నట్టుంది నాకు. కానీ ఒక్క గోడకి సరే అంటే, రేపు వీధిలో నలభై గోడలు ఏడుస్తూ వస్తాయి. ఎవరి ఏడుపు తక్కువదని చెప్పను? ప్రతి ఇంట్లోనూ ఉప్పెన ఉంది."

"ఏం రూలయ్యా మీది!" కృపమ్మ విసవిసా వెళ్ళి అనీసా గోడకి వీపు ఆనించి మట్టిలో చతికిలబడింది. "కొట్టండి, నా మీంచి కొట్టండి. నబీ బాబాయిని ఇందాక అనరాని మాట అన్నాను. దాన్ని వెనక్కి ఎలా తీసుకోవాలో నాకు తెలీదు. ఇక్కడ కూచుంటాను."

సుందరరాజు యలమంద వైపు చూశాడు. యలమంద గునపం నేల మీద పెట్టేశాడు. అంతసేపటికి అప్పుడు నోరు విప్పాడు.

"దివిసీమలో పదకొండు రోజులు శవాలు మోశానండి బాబూ. ఆ యమ్మ అక్కణ్ణించి వచ్చిందని తెలిశాక నా చెయ్యి లేవదు. ఇంకెవర్నయినా చూసుకోండి."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ పెట్టుకున్నారు. ఆ గోడని, దాని కింద కూచున్న కృపమ్మని, పైన పొడుగ్గా సాగిన పెంకుల వరసని చాలాసేపు చూశారు.

"ఆ అమ్మాయితో నేనొకసారి మాట్లాడొచ్చా?" అన్నారు చివరికి. "లోపలికి రాను. తలుపు ఇవతల కుర్చీ వేసుకుని కూచుంటాను. గోడ బదులు ఆ కమానుకి చిల్లుల చెక్క జాలీ పెడితే ఆమెకి సరిపోతుందా, ఎంత దట్టంగా ఉండాలి, ఆమె నోటితో ఒక్క మాట చెబితే చాలు. నబీ సాయిబు చెక్కేదాకా గోడ ఉంచమని కమిటీలో నేనే అడుగుతాను. కాదంటే రాజీనామా ఇస్తాను."

"మాస్టారూ!" అన్నాడు సుందరరాజు.

"నువ్వు ఊరుకోవయ్యా."

జహీదా ఆ మాట పూర్తిగా వినలేదు, అప్పటికే లోపలికి పరుగెత్తుతోంది. వసారా, నడవ, వంటింటి వాకిలి. టీ పొంగి పొయ్యి ఆరిపోయి, ఇల్లంతా మాడువాసన.

"ఆపా! ఆయన మంచాయన ఆపా! ఒక్క మాట చెబితే చాలట..."

గది తలుపు బార్లా తెరిచి ఉంది.

పది నెలల్లో ఆ తలుపు అలా తెరిచి ఉండగా ఎవరూ చూడలేదు. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. దిండు దాని మీద ఉంది. గోడ మీద, అనీసా చెవి ఆనించి కూచునే చోట, సున్నం చెంపంత మేర నున్నగా అరిగి ఉంది. అక్కడ కూచుంటే వీధిలో అనుకున్న ప్రతి మాటా వినిపిస్తుంది. ఒక గోడ నిలవాలంటే ఇంకో గోడ పడాలన్న సంగతీ వినిపిస్తుంది.

"ఆపా?"

పెరట్లోకి పరుగెత్తింది. పెరటి తలుపు గడియ తీసి ఉంది. నూతి దగ్గర ఆగింది. వంగి చూడటానికి ఎంత ధైర్యం కావాలో అంతా కూడగట్టుకుని వంగింది. నీళ్ళు కదలకుండా ఉన్నాయి. అందులో తన మొహం, దాని వెనక ఆకాశం. ఇంకేం లేదు. జహీదా నూతి గట్టు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది, కృతజ్ఞతతోనో భయంతోనో.

అప్పుడే వీధిలోంచి ఖుద్దూస్ గొంతు వినిపించింది. గలగలా నవ్వుతూ వస్తున్నాడు.

"ఏంటిది, మా ఇంటిముందు ఇంత మంది? నమస్తే మాస్టారూ! కృపక్కా, అలా నేల మీద కూచున్నావేంటి? జహీదా! ఎక్కడున్నావ్? అబ్బాకి కట్టు విప్పారు! మొదట నన్ను చూసి ఏమన్నారో తెలుసా, 'నువ్వింత నల్లగా ఉంటావని నాకెవరూ చెప్పలేదేరా' అన్నారు!"

జహీదా పెరట్లోంచి నడవలోకి వచ్చింది. ఖుద్దూస్ ఎదురుగా వచ్చాడు, చంకలో సంచీ, చెమట పట్టిన మొహం నిండా వెలుగు. చెప్పాలనుకున్నవన్నీ ఒక్కసారే చెప్పేయాలన్న ఆత్రంలో ఆమె మొహం ఇంకా చూడలేదు.

"సాయంత్రానికి ఆయన్నీ పంపించేస్తారట. నేను ముందొచ్చి ఇల్లు సర్దుదామని బయల్దేరా. అరే, కోనేరు సెంటర్లో భలే నవ్వొచ్చిందిలే. ఎవరో ఒకావిడ బురఖాలో, కాళ్ళకి చెప్పుల్లేవు, దివిసీమ పోయే అవనిగడ్డ బస్సు ఎక్కబోతూ ఏదో అడిగింది. కండక్టరు వీధంతా వినబడేలా అరుస్తున్నాడు, 'సముద్రం దాకా వెళ్ళదు తల్లీ, అవనిగడ్డలో దిగి నడుచుకో' అని. బస్సంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఆవిడ మాత్రం..."

అతని చూపు జహీదా మొహం మీద పడింది. ఆ తర్వాత ఆమె భుజం మీంచి, బార్లా తెరిచి ఉన్న తలుపు మీద పడింది. నవ్వు పెదవుల మీదే నిలిచిపోయింది.

జహీదా రెండు చేతులతో అతని చొక్కా పట్టుకుంది.

"ఏమండీ, ఆ బస్సు కదిలి ఎంతసేపయింది?"